రొళ్లకు పంపిన రెండు టేపులు

"మనిషిని పంపేదెందుకు? వీడియో పంపిస్తే సాలదా?" అంది ఉమాదేవి.

ఆ మాట కోడలు మంజు గురించి. మంజు అక్కడే నిలబడి ఉంది. అయినా ఉమాదేవి ఎవరి ముందు ఏం మాట్లాడాలో చూసుకునే మనిషైతే కదా! రొళ్లలో మంజు అవ్వ నరసక్క మంచం పట్టింది. మనవరాలిని ఒక్కసారి చూపించమని కబురు మీద కబురు పెడుతోంది. హిందూపురం నుంచి రొళ్ల ఏమంత దూరం? పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు తిరిగి రావచ్చు. కానీ పెళ్లయి ఏడాదిన్నరైనా ఉమాదేవి కోడలిని ఒక్క పూట పుట్టింటికి పంపలేదు. ఇప్పుడేమో చింతపండు వచ్చే కాలం. తమ మండీ వెనక గోడౌన్లో పీచు తీయాలి, గింజ తీయాలి. కూలివాళ్లను పెడితే కూలి ఇవ్వాలి, కోడలికైతే అన్నం పెడితే సరిపోతుంది.

అన్నం మాత్రం బాగా పెట్టేది. ఆ విషయంలో ఉమాదేవికి వంక పెట్టడానికి లేదు. ముద్దలో నెయ్యి, చారులో పప్పు, రెండోసారి వద్దన్నా వడ్డింపు. ప్రేమ అనుకునేరు! కోడలు బక్కచిక్కితే బజారంతా అత్తను ఆడిపోసుకుంటుంది. కోడలి వీపు ఎలా ఉందో బజారుకేం తెలుస్తుంది?

వీపు సంగతి చెప్పాలంటే మంజు మొగుడు మురళి సంగతి చెప్పాలి. మండీలో కూర్చున్నంతసేపూ అంత మంచివాడు ఇంకొకడు ఉండడు. రైతులను "రాప్పా, కూసోప్పా" అని పిలిచి టీ తెప్పిస్తాడు. బేరం చెడిన రోజు ఇంటికొచ్చి మూటలు కట్టే తాడు తీసుకుంటాడు. ముఖం మీద కొట్టడు, చేతుల మీద కొట్టడు. రవికె కప్పే చోట చూసి కొడతాడు, అంత తెలివి. అప్పుడు హాల్లో ఉమాదేవి టీవీ సౌండు పెంచుతుంది. తల్లీకొడుకుల పొత్తు అలాంటిది.

మంజును ఊళ్లో నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్లు. అబద్ధం. నాలుక ఉంది, వినే దిక్కే లేదు. తండ్రి దేవప్పకు ఫోన్లో చెప్పుకుంది. "మగోడన్నాక ఒగ దెబ్బ ఏస్తాడు. సర్దుకుపోవల్లమ్మా" అన్నాడు. ఇంకోసారి ఏడుస్తూ చెప్పింది. "ఊరికే ఫోన్లు చేసి మనసు పాడు చేసుకోవద్దు" అన్నాడు. కూతురంటే ప్రాణం కాదా అంటే, ప్రాణమే. కానీ ఆ మనిషికి చెవితో విన్నది ఎక్కదు, కంటితో చూడాలి. పోయిన రోజుల్లో దేవప్ప టీవీ, వీడియో టేపులు ఆడించే డెక్కు బాడుగకు తీసుకెళ్లి రొళ్ల చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిళ్లు సినిమాలు ఆడించేవాడు. టేపులు రివైండు చేసే పని చిన్నప్పుడు మంజుదే. డిష్షులొచ్చాక ఆ వ్యాపారం మూలపడి, దేవప్ప మళ్లీ గొర్రెల వెంట పడ్డాడు. డెక్కును మాత్రం అమ్మకుండా పంచె గుడ్డలో చుట్టి ఇంట్లోనే పెట్టుకున్నాడు.

అందుకే ఉమాదేవికి వీడియో ఆలోచన వచ్చింది. చిన్నకొడుకు శరత్ బెంగళూరులో ఇంజనీరింగు చదువుతూ లాప్‌టాప్, చేతిలో పట్టే కెమెరా కొనుక్కొచ్చాడు. రెండువేల పది నాటి మాట, ఇంట్లో కెమెరా ఉండడమంటే అప్పట్లో గొప్పే. ఆ ఆదివారం అందరూ చీరలు కొనడానికి కారులో ధర్మవరం బయల్దేరారు. దారిలో పెనుకొండ దగ్గర దిగి, కొండ వెనక వచ్చేలా నిలబడ్డారు. "నగు మంజూ, మీ అవ్వ సూస్తాది" అంది ఉమాదేవి. మంజు నవ్వింది. ధర్మవరంలో చీరల షాపులో ఒక పట్టుచీర భుజాన వేయించి అటు తిప్పి ఇటు తిప్పి వీడియో తీయించి, చీర మళ్లీ మడత పెట్టించింది ఆ మహాతల్లి. కొన్నది తనకు.

మర్నాడు శరత్ టేపుకెక్కించే పనిలో కూర్చున్నాడు. ఫొటో స్టూడియోలో డెక్కు అడిగి తెచ్చాడు. లాప్‌టాప్ నుంచి డెక్కుకు పసుపు, ఎరుపు, తెలుపు మూతుల వైర్లు తగిలించి, ఇక్కడ బొమ్మ ఆడిస్తూ అక్కడ రికార్డు నొక్కాలి. ఆడినంతసేపూ కాపలా ఉండాలి. అంతా అయ్యాక టేపు వేసి చూస్తే బొమ్మకు పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి.

ఉమాదేవి మొహం చిట్లించింది. "ఏందిరా ఇది, సావు కబురు కార్డు మాదిరి? మాకు పాడైపోయిన టేపు పంపినారంటారు వాళ్లు. తీసేయ్ ఆ నలుపు."

"అదంతేమా. మనం తీసింది వెడల్పు బొమ్మ. టేపులో పట్టల్లంటే పట్టీలు రావల్ల."

"మాటకు మాట చెప్పొద్దు. తెర నిండా రావల్ల."

శరత్ విసుక్కుంటూ లాప్‌టాప్‌లో ఏదో మార్చి బొమ్మను తెర నిండా సాగదీశాడు. మళ్లీ మొదటినుంచీ టేపుకెక్కించాడు. హాల్లో గోడకున్న వెడల్పు టీవీలో వేసి చూశారు. పట్టీలు లేవు, అందరూ లక్షణంగా ఉన్నారు. ఉమాదేవి తృప్తిపడి, రొళ్ల వైపు వెళ్లే లారీ డ్రైవరు చేతికి టేపు ఇచ్చి పంపింది.

కానీ దేవప్ప ఇంట్లో ఉన్నది వెడల్పు టీవీ కాదు, పాతకాలం డబ్బా టీవీ. హిందూపురంలో పక్కలకు సర్దుకున్న బొమ్మ ఆ డబ్బాలో ఇరుక్కుని నిలువుగా సాగిపోయింది. తెరమీద మంజు వచ్చింది. బుగ్గలు లేవు, భుజాలు లేవు, చేతులు పుల్లల్లా ఉన్నాయి, మెడ చూస్తే కొంగ మెడ. మంచం మీది నుంచి నరసక్క గొల్లుమంది. "అయ్యో నా బిడ్డ! కూడు పెట్టకుండా సంపుతాండారురా!"

ఉమాదేవి కూడా సన్నబడింది తెరమీద. మురళీ సన్నబడ్డాడు. ఆ మాటకొస్తే వెనక పెనుకొండ కొండ కూడా సన్నబడింది. కన్నవాడు కొండను చూస్తాడా? ఎన్నేళ్లు సినిమాలు ఆడించాడో ఆ మనిషి! ఒక సినిమాలో చచ్చినవాడు మరో సినిమాలో లేచొస్తాడని అందరికంటే బాగా తెలిసినవాడు. అయినా కూతురి బొమ్మ చూడగానే నిలువునా నీరైపోయాడు. ఊరి పెద్ద నాగరాజును, ఇంకో నలుగురిని జీపులో ఎక్కించుకుని తెల్లవారేసరికి హిందూపురం మండీ ముందు దిగాడు.

గోడౌన్లో గింజ తీస్తున్న మంజుకు తండ్రి గొంతు వినబడింది. చేతిలో చింతపండు అలాగే వదిలేసి లేచింది. వచ్చాడు! తన మాట నమ్మి వచ్చాడు! ఈ రోజుతో ఈ గోడౌను, ఈ తాడు, ఈ ఇల్లు అన్నీ వదిలిపోతాయనుకుంది. కాళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోకుండా పరిగెత్తింది.

బయట దేవప్ప అరుస్తున్నాడు. "నా బిడ్డకు కూడు పెట్టకుండా మాడుస్తాండారా? మీకు మనసనేది ఉండాదా? ఇప్పుడే తోడుకొని పోతా!"

కూడు పెట్టకుండానా? మంజుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అడ్డం వెళ్లి, "తిండి కాదు నాయనా, తిండి బాగానే పెడ్తారు, అది కాదు..." అంది.

ఆ సగం మాట చాలు ఉమాదేవికి. "ఇన్నారా అప్పా? మీ పిల్లే చెప్తాంది, బాగా పెడ్తారంట!"

దేవప్ప కూతుర్ని చూశాడు. ఎదురుగా ఉన్న మంజుకు బుగ్గలున్నాయి, భుజాలున్నాయి. పెళ్లి నాటి కంటే ఒళ్లు చేసింది కూడా. నాగరాజు పక్కవాడి మొహం చూశాడు. దేవప్పకు తల కొట్టేసినట్టయింది. అంతమంది ముందు వెనక్కి తగ్గలేక, "టేపులో సూసినాం! ఎముకల గూడు మాదిరి ఉండాది!" అని గొణిగాడు.

లోపలినుంచి వచ్చిన శరత్‌కు విషయం తెలిసి నవ్వొచ్చింది. మంచి పిల్లవాడే, కానీ వయసు చిన్నది, నవ్వాపుకోలేకపోయాడు. "అది టీవీ తేడా మామా. మా టీవీ వెడల్పుది, మీది డబ్బాది. మీ దాంట్లో అందరూ సన్నంగా అగుపడతారు."

"కంప్యూటరు మాటలు మాకొద్దప్పా" అన్నాడు నాగరాజు.

"వద్దులే నాయనా, కంప్యూటరు మాటలు వద్దు" అంది ఉమాదేవి. ఆమె గొంతు ఎంత చల్లగా ఉందో! "మా ఇంట్లో కాటా ఉండాది. అబద్ధం చెప్పేది కాదు. పెండ్లికి ముందు మీ ఊరి గుళ్లో పిల్లకు తులాభారం తూచినారు గదా, బెల్లం మా మండీ నుంచే తెస్తిరి. నలభై నాలుగు కేజీలు. అవునా కాదా దేవప్పా?"

దేవప్ప అవునన్నట్టు తలాడించాడు. కాదని ఎలా అంటాడు? ఆ బెల్లం ఊరంతా తిన్నారు.

"గోవిందూ, మూటలు పక్కకు జరుపు."

గోవిందు మండీలో తూకం చెప్పే హమాలీ. మంజును కాటా పలక మీద నిలబెట్టారు. అప్పటికి రైతులు, బండ్లవాళ్లు, పక్క మండీ వాళ్లు చుట్టూ మూగారు. "శరతా, కెమెరా తేరా! రేపు ఎవుడూ మాట మార్చకుండా సాక్ష్యం ఉండల్ల" అంది ఉమాదేవి. అంకెలు కనబడాలని శరత్ వెనక వైపు నిలబడి తీయడం మొదలుపెట్టాడు. ఉమాదేవి చెయ్యి పట్టి పలక నడిమికి లాగిన లాగుకు మంజు తూలింది, పైట జారింది, సర్దుకుంది.

మండీలో పొద్దున మొదటి తూకానికి ఒకటి అనరు, లాభం అంటారు. ఆ రోజుకు అదే మొదటి తూకం. గోవిందు అలవాటు కొద్దీ, "లాభం!" అని కేకేశాడు.

మండీ ఘొల్లుమంది. దేవప్ప వెంట వచ్చినవాళ్లలో కూడా ఒకడు నవ్వాడు.

"యాభై ఒకటి!" అన్నాడు గోవిందు.

"గోనెకు తరుగు తీస్తాం గదా, అట్లనే చీరకు ఒగ కేజీ తరుగు తీసెయ్యప్పా. మాకు ఎవురి సొమ్మూ వద్దు" అంది ఉమాదేవి.

మళ్లీ నవ్వులు. మంజు ఆ ఇనుప పలక మీదే నిలబడి ఉంది. దిగమని ఎవరూ అనలేదు, దిగాలని తనకూ తోచలేదు. జనాన్నీ చూడలేదు, అంకెలూ చూడలేదు, తండ్రిని చూసింది. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

తర్వాత నాగరాజు క్షమాపణ చెప్పాడు. దేవప్ప చేతులు జోడించాడు. అక్కడితో వదిలితే ఆమె ఉమాదేవి ఎందుకవుతుంది? "ఏదో కోపంలో అన్నావులే అన్నా. వియ్యంకుడివి, అన్నం తినకుండా పోతే మా మీద ఇంకా అనుమానముండాదనుకుంటా" అంది. మురళి స్వయంగా పీటలు వేశాడు, "కూసో మామా" అని నెమ్మదిగా భుజం పట్టి కూర్చోబెట్టాడు. వడ్డన మంజు చేత చేయించారు.

తండ్రి విస్తట్లో నెయ్యి వేస్తూ వంగి, మంజు గొంతు తగ్గించి చెప్పింది. "నాయనా, కూటికి కాదు. ఆయప్ప తాడుతో కొడ్తాండాడు. నా ఈపు సూడు నాయనా. ఒక్కసారి లోపలికి రా, సూపిస్తా."

దేవప్ప తల ఎత్తలేదు. "గమ్మునుండమ్మా. కూడు పెట్టలేదన్న్యందుకే ఇంతమంది నగినారు. ఇప్పుడు కొడ్తాండారంటే చెప్పుతో కొట్టి పంపిస్తారు నన్ను."

"నిజం నాయనా."

"కూడూ నిజమనే వస్తి గదమ్మా."

అన్నం సగంలో వదిలి నీళ్లు తాగి లేచాడు. జీపెక్కేటప్పుడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. కన్న తండ్రి! ఏమనాలి అలాంటి మనిషిని? పాపం అనాలా, సిగ్గు లేదా అనాలా? ఇది చెబుతుంటే నాకు రెండూ ఒకేసారి నోటికి వస్తాయి.

అయినా కథ అక్కడితో అయిపోలేదు. తూకం వీడియో రొళ్లకు పంపాలని ఉమాదేవి పంతం. ఊరంతా కూర్చుని చూడాలి, తన ఇంటి పేరు కడిగిన ముత్యంలా బయటపడాలి. శరత్ మళ్లీ వైర్లు తగిలించాడు. ఈసారి బొమ్మను సాగదీయలేదు. "ఇంగ నీ మాట ఇనను మా, పట్టీలుంటేనే మనిషి మనిషి మాదిరి అగుపడతాడు" అని తల్లితో గట్టిగా అన్నాడు. డబ్బా టీవీతో ఒకసారి దెబ్బ తిన్నాక ఉమాదేవి కూడా మారు మాట్లాడలేదు.

అతనికి కాఫీ ఇవ్వడానికి వెళ్లిన మంజు లాప్‌టాప్ తెర చూసింది. కాటా మీద తను, ముందు ఎర్ర అంకెలు, వెనక నుంచి తన వీపు. పైట జారిన ఆ రెండు క్షణాల్లో మెడ కింద నుంచి రవికె లోపలికి దిగిన వాత, నల్లగా, వేలు లావున. పక్కన మానిన పాతవి ఇంకొన్ని. ఏడాదిన్నరగా నొప్పే తెలుసు గానీ మంజు తన వీపు ఎలా ఉంటుందో ఎన్నడూ చూసుకోలేదు. గ్లాసు కింద పెట్టి, దగ్గరికి వంగి చూసింది.

శరత్ కూడా చూశాడు. బొమ్మ ఆపాడు. వదిన మొహం చూడలేక తెర వైపే చూస్తూ, "అన్ననా?" అన్నాడు.

మంజు తలూపింది.

"తీసేయనా వదినా ఈ ముక్క? అమ్మ సూస్తే..."

"తీయొద్దు శరత్." ఆ ఇంట్లో అడుగుపెట్టాక మంజు అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. "నీకు దండం పెడ్తా. మీ అమ్మ అంకెలు తప్ప ఏమీ సూడదు. అట్లనే పోనీ. మా నాయన నా మాట ఇనడు, డెక్కులో సూస్తే నమ్ముతాడు."

శరత్ తీయలేదు. అంతవరకు అతన్ని మెచ్చుకోవాలి. అన్నను నిలదీసి అడిగాడా అంటే లేదు, మర్నాడే బెంగళూరు బస్సెక్కాడు. ఉమాదేవి టేపు వేసి చూసుకుంది. మంజు చెప్పినట్టే, అంకెలు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టింది, ఇంకేమీ చూడలేదు. టేపు వెళ్లింది.

ఆ తర్వాత మంజు ఎదురు చూడడం మొదలుపెట్టింది. మండీ ముందు ఏ జీపు ఆగినా గుమ్మందాకా వచ్చి చూసేది. గింజ తీస్తూ తీస్తూ చెయ్యి ఆపి వినేది. ట్రంకు పెట్టెలో రెండు చీరలు పైకి తీసి పెట్టుకుంది. మురళి ఒకసారి తాడు తీసినా, కొట్టుకో, ఇంకెన్నాళ్లులే అనుకుని పళ్లు బిగపట్టింది. వారం గడిచింది, పండగ గడిచింది, రెండు మూడు అమావాస్యలు గడిచాయి, ఎవరూ రాలేదు.

ఆఖరికి అత్త గుడికి వెళ్లిన వేళ చూసి ఫోన్ చేసింది. ఎత్తింది అవ్వ.

"సూసినా బిడ్డా" అంటూనే ఏడ్చింది నరసక్క. "నీ ఈపు సూసినా. అందరూ కాటా సూస్తాండారు, నేను నిన్ను సూస్తాండా. ఈపు మీద వాత ఉండాది సూడురా దేవా అని మొత్తుకున్న్యా. ఇనలేదమ్మా వాడు. నాకి లేసి వచ్చే కాళ్లు లేకపాయె."

"నాయనకియ్యి అవ్వా."

కాసేపు గొర్రెల అరుపులు వినబడ్డాయి. తర్వాత దేవప్ప గొంతు. "చెప్పమ్మా."

"టేపు సూసినావా నాయనా?"

"ఊరంతా సూసినారు. పోయిన పరువు పోయింది, ఇంగేముండాది సూసేకి."

"నా ఈపు సూసినావా?"

మంజు ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది.

"అవ్వ ఏందేందో చెప్తాంది" అన్నాడు దేవప్ప. "మొదుటి టేపులో ఎముకల గూడు అగుపడె. నమ్మి, జీపు కట్టుకొని వచ్చి, నగుబాటైపోతి. వచ్చి సూస్తే నువ్వు బంగారు మాదిరి ఉంటివి. ఇప్పుడు ఈ టేపులో వాత అగుపడిందంట. డెక్కులో అగుపడిందానికంతా జీపు కట్టుకొని వచ్చేకి నేనేమన్నా పిచ్చోణ్ణా? పైనా కిందా నల్లపట్టీ ఉండాది సూడు, ఆ నీడే పడింటాది ఈపు మీద. ఆ డెక్కును సంతలో అమ్మేసినా. పీడ వదిలింది."

"నీడ కాదు నాయనా. అది నా ఈపు. నా ఒళ్లు నాయనా."

"ఏడ్వద్దు తల్లీ. కడుపుకు పెడ్తాండారు, అది సాలు." గొంతులో నిజంగానే ప్రేమ ఉంది, అదే ఆ మనిషితో వచ్చిన తంటా. అవ్వకు కూడా వినబడాలని కాబోలు, గట్టిగా అడిగాడు. "ఇప్పుడెంత తూగుతాండావమ్మా?"

ఉమాదేవి ప్రతి అమావాస్యకూ కోడలిని కాటా ఎక్కించి బజారుకు చూపిస్తోంది. మంజుకు ఆ అంకె తెలుసు.

"యాభై మూడు నాయనా" అంది.

"మంచిదమ్మా" అని దేవప్ప ఫోన్ పెట్టేశాడు.